మెక్సికోలో ముఠా నాయకులు పట్టుబడుతున్నా నేరం ఎందుకు తగ్గడం లేదు?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. మాదకద్రవ్యాల ముఠాల నాయకులను ఇరవై ఏళ్లుగా పట్టుకుంటున్నారు, ఎదురుకాల్పుల్లో చంపుతున్నారు, అమెరికాకు అప్పగిస్తున్నారు. అయినా మెక్సికోలో హత్యలు, అపహరణలు ఎందుకు ఆగడం లేదన్నది మొదటి భాగం. అలాంటప్పుడు ఆ దేశాన్ని మాఫియా రాజ్యం అనవచ్చు కదా అన్నది రెండోది. లాటిన్ అమెరికా రాజకీయాలను చాలాకాలంగా చదువుతూ, విద్యార్థులకు బోధిస్తూ వచ్చిన అనుభవంతో నాకు అర్థమైనది చెబుతాను. అక్కడ సైన్యానికి, పోలీసులకు మనుషులను పట్టుకోవడం బాగానే తెలుసు. పట్టుకున్నవాడు ఏ నేరం చేశాడో, ఎవరి అండతో చేశాడో, డబ్బు ఎటు పోయిందో సాక్ష్యాలతో న్యాయస్థానంలో నిరూపించే యంత్రాంగం మాత్రం ఏనాడూ సరిగ్గా ఏర్పడలేదు. మెక్సికో జాతీయ గణాంక సంస్థ ఏటా జరిపే బాధితుల సర్వేల ప్రకారం నేరాలలో 90 శాతానికి పైగా ఫిర్యాదు దాకా రావు, లేదా ఫిర్యాదు వచ్చినా దర్యాప్తు మొదలవదు. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే మిగిలిన కథ చాలావరకు అర్థమవుతుంది.

దీని మూలం పాతది. 1929 నుంచి 2000 వరకు కేంద్రంలో ఒకే పార్టీ, అంటే సంస్థాగత విప్లవ పార్టీ, అధికారంలో ఉంది. ఆ కాలంలో పోలీసుల ప్రధాన కర్తవ్యం రాజకీయ ప్రత్యర్థులను అదుపులో పెట్టడమే కాబట్టి, నేర దర్యాప్తు నైపుణ్యం ఎవరికీ అవసరం కాలేదు. నేరస్థులు అధికారులకు కప్పం కట్టి బతికేవారు, పైచేయి ప్రభుత్వానిదే. 1985 ఫిబ్రవరిలో గ్వాదలహారా నగరంలో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థకు చెందిన ఎన్రికే కమరేనాను అపహరించి, చిత్రహింసలు పెట్టి చంపినప్పుడు ఈ బంధం బయటపడింది. కేంద్ర భద్రతా డైరెక్టరేట్ అనే రహస్య పోలీసు సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డులు ముఠావాళ్ల జేబుల్లోనే ఉండేవి. అమెరికా ఒత్తిడితో ఆ సంస్థను అదే ఏడాది రద్దు చేశారు, కానీ అందులోని మనుషులు, వారి పరిచయాలు, వారి పద్ధతులు ఇతర పోలీసు విభాగాల్లోకి చేరిపోయాయి.

2000 తర్వాత ప్రజాస్వామ్యం వచ్చింది, గవర్నర్లకు బలం పెరిగింది, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పార్టీ గెలిచింది. పైనుంచి కింద దాకా ఉన్న పాత ఒప్పందం చెదిరిపోయింది. దాని స్థానంలో చట్టం నిలబడలేదు. ముఠాలు ఇక ప్రతి పట్టణంలో మేయరుతోనూ, అతి తక్కువ జీతాలకు పనిచేసే పురపాలక పోలీసులతోనూ విడివిడిగా బేరం పెట్టుకున్నాయి, లేదా వారిని బెదిరించాయి. 2006 డిసెంబరులో అధ్యక్షుడైన ఫెలిపే కాల్డెరాన్ పదవి చేపట్టిన పదకొండో రోజునే తన సొంత రాష్ట్రం మిచోకాన్‌కు సైన్యాన్ని పంపారు. పెద్ద నాయకులను ఒక్కొక్కరిగా తొలగిస్తే ముఠాలు కూలిపోతాయన్నది అప్పటి లెక్క. దేశంలో 2007లో 9 వేల లోపు ఉన్న హత్యలు 2011 నాటికి 27 వేలు దాటాయి.

ఎందుకలా జరిగిందో ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. 2009 డిసెంబరులో క్వెర్నవాకా నగరంలో నౌకాదళ సైనికులు ముఠా నాయకుడు ఆర్తురో బెల్త్రాన్ లేవాను కాల్చి చంపారు. పత్రికలు దాన్ని గొప్ప విజయంగా రాశాయి. ఆ ముఠాను నడిపిన మనుషులూ, గెర్రెరో రాష్ట్రపు కొండల్లో నల్లమందు మొక్కలు పండించే రైతుల మీద వారికున్న పట్టూ, అమెరికా దాకా ఉన్న రవాణా దారులూ, వారి జీతం తింటున్న పోలీసులూ మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. పెద్ద ముఠా చిన్న ముక్కలైంది. వాటిలో ఒకదాని పేరు గెర్రెరోస్ ఉనిదోస్. అదే రాష్ట్రంలోని ఇగ్వాలా అనే పట్టణంలో పోలీసు వ్యవస్థ దాని చేతిలోకి పోయింది. ఐదేళ్లు తిరగకముందే ఆ పట్టణం పేరు ప్రపంచమంతా వినవలసి వచ్చింది.

ఇగ్వాలా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేరం ఒక రాత్రిలో జరిగితే, దాన్ని కప్పిపుచ్చే పని ఏళ్ల తరబడి సాగింది. మీ ప్రశ్నకు సమాధానం ఆ రెండో భాగంలోనే ఉంది. అయోత్సినాపాలో పేద రైతు కుటుంబాల పిల్లలు చదివే గ్రామీణ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉంది. 1968 అక్టోబరు 2న మెక్సికో నగరంలో జరిగిన విద్యార్థుల ఊచకోతను స్మరిస్తూ ఏటా జరిగే ఊరేగింపుకు వెళ్లడానికి, అక్కడి విద్యార్థులు తమ అలవాటు ప్రకారం బస్సులను స్వాధీనం చేసుకోవడానికి 2014 సెప్టెంబరు 26న ఇగ్వాలాకు వచ్చారు. ఆ రాత్రి పురపాలక పోలీసులు, ముఠావాళ్లు కలిసి బస్సులపై కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు, వారిలో ఫుట్‌బాల్ ఆడి తిరిగి వెళుతున్న ఒక కుర్రవాడు, దారినపోయే టాక్సీలోని ఒక మహిళ కూడా ఉన్నారు. 43 మంది విద్యార్థులను పోలీసు వాహనాల్లో ఎక్కించుకుని తీసుకుపోయారు. వారు తిరిగి రాలేదు.

అప్పటి అటార్నీ జనరల్ హెసూస్ మురీయో కరామ్ 2015 జనవరిలో దర్యాప్తు ముగింపును "చారిత్రక సత్యం" అనే మాటతో ప్రకటించారు. విద్యార్థులను కోకులా పట్టణంలోని చెత్త కుప్ప దగ్గర దహనం చేసి, బూడిదను నదిలో పారేశారన్నది దాని సారాంశం. పదుల సంఖ్యలో అరెస్టులు చూపించారు, నేరాంగీకార వీడియోలు చూపించారు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. వారి పట్టుదల వల్లనే అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కమిషన్ నియమించిన స్వతంత్ర నిపుణుల బృందం 2015లో మెక్సికోకు వచ్చింది. అంతమందిని ఆ చోట ఆ రాత్రి దహనం చేసినట్టు ఏ భౌతిక ఆధారమూ లేదని ఆ బృందం అదే ఏడాది సెప్టెంబరులో తేల్చింది. విద్యార్థులు ఎక్కిన బస్సుల్లో ఒకటి అధికారిక ఫైలులో సరిగా లేకుండా పోయింది. ఇగ్వాలా నుంచి షికాగోకు హెరాయిన్ బస్సుల్లోనే వెళ్లేదని అమెరికాలో నడిచిన కేసు చెబుతోంది కాబట్టి, తెలియక అలాంటి బస్సు ఎక్కడమే ఆ దాడికి కారణం కావచ్చునని నిపుణులు సూచించారు. నదిలో ఎముకల సంచి అధికారికంగా దొరికిన రోజుకు ముందురోజే నేర దర్యాప్తు సంస్థ అధిపతి తోమాస్ సెరోన్ ఒక నిందితుణ్ణి తీసుకుని అదే నది ఒడ్డున తిరిగినట్టు వారు వీడియో ఆధారంగా చూపించారు. ఆ తర్వాత చిత్రహింసలు, సాక్ష్యాల తారుమారు ఆరోపణలతో ఆయనపై వారంటు వచ్చింది; ఆయన ఇజ్రాయెల్‌లో తలదాచుకున్నారు.

ఆ కేసులో కనీసం 34 మందిని చిత్రహింసలకు గురిచేశారనడానికి బలమైన ఆధారాలున్నాయని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2018లో నివేదిక ఇచ్చింది. చిత్రహింసలతో రాబట్టిన మాట న్యాయస్థానంలో చెల్లదు. అందువల్ల 2019 సెప్టెంబరులో ముఖ్య నిందితుడిగా ప్రభుత్వమే ప్రకటించిన వ్యక్తి, ఆ వెంటనే 24 మంది పురపాలక పోలీసులు విడుదలయ్యారు. వారు నిర్దోషులో దోషులో ఎవరూ సాక్ష్యంతో తేల్చలేదు. కొట్టి ఒప్పించడం వల్ల బాధితులకు న్యాయం త్వరగా దొరుకుతుందని మన దేశంలోనూ చాలామంది నమ్ముతారు; అలా నమ్మేవారిని ఈ కేసు ఫైలును ఒకసారి శ్రద్ధగా చదవమని నేను హృదయపూర్వకంగా కోరుతున్నాను.

2018లో అధ్యక్షుడైన లోపెజ్ ఒబ్రడోర్ సత్యశోధన కమిషన్‌ను నియమించారు. ఇది రాజ్యం చేసిన నేరమని ఆ కమిషన్ 2022 ఆగస్టులో ప్రకటించింది, మరునాడే మురీయో కరామ్ అరెస్టయ్యారు. ఇక దర్యాప్తు సరైన దారిలో పడిందని అనుకునేలోపే అది సైన్యం గడప దగ్గర ఆగిపోయింది. ఇగ్వాలాలోనే సైనిక స్థావరం ఉంది. ఆ రాత్రి ఏం జరుగుతోందో సైన్యానికి ఎప్పటికప్పుడు తెలుసు. అపహరణకు గురైన విద్యార్థుల్లో ఒకడు, వారి మధ్యకు సైన్యం రహస్యంగా పంపిన సైనికుడే. అధికారులపై జారీ అయిన వారంట్లలో కొన్నింటిని అటార్నీ జనరల్ కార్యాలయమే రద్దు చేయించింది, దానికి నిరసనగా ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఒమార్ గోమెజ్ త్రేహో 2022 సెప్టెంబరులో రాజీనామా చేశారు. సైన్యం తన దగ్గరున్న సమాచారాన్ని దాస్తున్నదని చెప్పి, అంతర్జాతీయ నిపుణులు 2023 జులైలో దేశం విడిచి వెళ్లారు. 43 మందిలో ఇంతవరకు ముగ్గురి అవశేషాలను మాత్రమే శాస్త్రీయంగా గుర్తించగలిగారు.

ఇది ఒక్క కేసులో జరిగిన పొరపాటు కాదని చెప్పడానికి హెనారో గార్సియా లూనా జీవితమే చాలు. 2001 నుంచి ఫెడరల్ దర్యాప్తు సంస్థకు, 2006 నుంచి 2012 వరకు ప్రజా భద్రతా మంత్రిత్వ శాఖకు అధిపతిగా ఉన్న ఆయనే ముఠాలపై యుద్ధానికి ముఖచిత్రం. 2005 డిసెంబరులో ఆయన సంస్థ అపహరణ కేసులో ఒక జంటను అరెస్టు చేస్తున్న దృశ్యాన్ని టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారంగా చూపించింది. వారు ముందురోజే పట్టుబడ్డారని, చూపించినదంతా నాటకమని తర్వాత తేలింది. ఆ జంటలో ఒకరు, ఫ్రాన్స్ పౌరురాలైన ఫ్లోరెన్స్ కస్సేను సుప్రీంకోర్టు 2013లో విడుదల చేసింది. ఆమెతోపాటు పట్టుబడిన వ్యక్తి మాత్రం తీర్పు లేకుండానే దాదాపు ఇరవై ఏళ్లు జైల్లో ఉండి 2025 ఆగస్టులో నిర్దోషిగా బయటకు వచ్చాడు. ఆ అపహరణల బాధితులకు ఏం మిగిలింది? తమను నిజంగా ఎత్తుకుపోయింది ఎవరో న్యాయస్థానం ఇక చెప్పలేని స్థితి మిగిలింది. ఆ గార్సియా లూనాయే సినలోవా కార్టెల్ అనే మాదకద్రవ్యాల ముఠా దగ్గర లక్షల డాలర్ల లంచాలు తీసుకున్నాడని 2023 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని జ్యూరీ నిర్ధారించింది. 2024 అక్టోబరులో 38 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఆయన నేరం చేసింది మెక్సికోలో, మెక్సికో ప్రజల మీద. విచారణ మాత్రం బ్రూక్లిన్‌లో, అమెరికా చట్టాల కింద జరిగింది.

విచారణను పరాయి దేశానికి వదిలేయడం ఇప్పుడు ఒక అలవాటుగా మారింది. 2025 ఫిబ్రవరిలో 29 మందిని, ఆగస్టులో 26 మందిని మెక్సికో ప్రభుత్వం అమెరికాకు పంపింది. కమరేనా హత్య కేసు నిందితుడు రఫాయెల్ కారో కింతేరో ఆ మొదటి బృందంలో ఉన్నాడు. అంతకుముందు 2024 జులైలో సినలోవా ముఠా వృద్ధ నాయకుడు ఇస్మాయెల్ సంబాదాను, ఒకప్పటి సహచరుడు గుజ్మాన్ కొడుకే విమానంలో అమెరికాకు చేర్చాడు. ఈ మనుషులు అక్కడ జైల్లో ఉండటం మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ అమెరికా ప్రాసిక్యూటర్లకు కావలసింది తమ దేశంలోకి వచ్చిన కొకెయిన్, ఫెంటానిల్ లెక్క. సినలోవా రాష్ట్ర రాజధాని కులియకాన్‌లో ఏ అధికారికి ఎంత ముట్టింది, ఏ పొలంలో ఎవరిని పూడ్చిపెట్టారు అన్నది వారి పని కాదు. నేరాన్ని ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఒప్పందంతో ఆ సమాచారంలో చాలాభాగం మూతపడిపోతుంది. ఇటు సంబాదా వెళ్లిన కొద్ది వారాలకే, 2024 సెప్టెంబరులో, అతని వర్గానికీ గుజ్మాన్ కొడుకుల వర్గానికీ మధ్య కులియకాన్ వీధుల్లో యుద్ధం మొదలైంది. నెలల తరబడి బడులు, దుకాణాలు మూతపడుతూ తెరుచుకుంటూ ఉన్నాయి.

దర్యాప్తు లేని చోట ఆ పని ఎవరు చేస్తున్నారో కూడా చెప్పాలి. ఆచూకీ లేనివారి అధికారిక జాబితాలో 2022 మే నాటికి లక్ష మంది ఉన్నారు, 2025లో ఆ సంఖ్య 1,20,000 దాటింది. వారిని వెతుకుతున్నది తల్లులు. సంఘాలుగా ఏర్పడి, చందాలు వేసుకుని, పారలు, ఇనుప ఊచలు పట్టుకుని పొలాల వెంట తిరుగుతారు. ఊచను సుత్తితో భూమిలోకి దింపి, పైకి లాగి, కొసను వాసన చూస్తారు; కుళ్లిన వాసన వస్తే అక్కడ తవ్వుతారు. వెరక్రూజ్ ఓడరేవు శివార్లలో 2016లో ఒక తల్లుల సంఘానికి ఎవరో గుర్తుతెలియని మనుషులు చేతితో గీసిన పటం ఇచ్చారు; దాని ఆధారంగా తవ్వగా తర్వాతి సంవత్సరాల్లో 250కి పైగా పుర్రెలు బయటపడ్డాయి. 2025 మార్చిలో హలిస్కో రాష్ట్రంలోని తెవుచిత్లాన్ దగ్గర ఒక పశువుల క్షేత్రంలో మరో సంఘానికి వందల జతల చెప్పులు, బట్టలు, కాలిన ఎముకల ముక్కలు కనిపించాయి. యువకులను ఉద్యోగాల ఆశ చూపి బలవంతంగా ముఠాలో చేర్చుకుని శిక్షణ ఇచ్చిన స్థలమది. ఆ స్థలాన్ని నేషనల్ గార్డ్ 2024 సెప్టెంబరులోనే స్వాధీనం చేసుకుంది, మనుషులను అరెస్టు చేసింది, రాష్ట్ర ప్రాసిక్యూటర్లకు అప్పగించింది. ఆరు నెలల పాటు వారికి కనిపించని చెప్పులు తల్లులకు మొదటి రోజే కనిపించాయి. ఈ పని చేస్తున్నందుకు తల్లుల్లో కొందరిని హత్య చేశారు కూడా. శవం దొరికినంత మాత్రాన పేరు దొరకదు. ప్రభుత్వ మార్చురీల్లోనూ సామూహిక సమాధుల్లోనూ గుర్తింపులేని మృతదేహాలు 50 వేలకు పైగా ఉన్నాయి.

ఇక ప్రస్తుత పరిస్థితి. అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్, ఆమె భద్రతా మంత్రి ఒమార్ గార్సియా హర్ఫూచ్ 2024 అక్టోబరు నుంచి నిఘాకు, దర్యాప్తుకు ప్రాధాన్యం ఇస్తామంటున్నారు. రోజువారీ హత్యల సగటు 2025లో గణనీయంగా తగ్గిందని ప్రభుత్వ లెక్కలు చూపుతున్నాయి. దీన్ని నేను తోసిపుచ్చడం లేదు. హర్ఫూచ్ మెక్సికో నగర పోలీసు అధిపతిగా ఉన్నప్పుడు కూడా అక్కడ హత్యలు తగ్గాయి. అయితే అదే కాలంలో ఆచూకీ లేనివారి జాబితా పెరుగుతున్నప్పుడు, ఒక్క హత్యల పట్టికనే చూసి నిశ్చింతగా ఉండలేం.

న్యాయవ్యవస్థ సంస్కరణ గురించి నాకు ఇంకా ఎక్కువ ఆందోళన ఉంది. 2025 జూన్ 1న సుప్రీంకోర్టు సహా ఫెడరల్ న్యాయమూర్తుల పదవులకు తొలిసారి ప్రత్యక్ష ఎన్నికలు జరిగాయి. ఓటు వేసినవారు సుమారు 13 శాతం. ఎవరికి ఓటు వేయాలో ముందే రాసిన చీటీలు ఓటర్లకు పంచారు. ఆ చీటీల్లో ఉన్నవారే సుప్రీంకోర్టుకు ఎన్నికయ్యారు. పాత న్యాయమూర్తులలో అవినీతి, బంధుప్రీతి ఉన్న మాట వాస్తవమే. కానీ కేసులు ఎక్కువగా కూలిపోయేది న్యాయమూర్తి ముందుకు రాకముందే, ప్రాసిక్యూటర్ బల్ల మీద, నేరస్థలంలో, ప్రయోగశాలలో. ఆ చోట్ల సిబ్బందిని, జీతాలను, స్వతంత్రతను ఈ సంస్కరణ ముట్టుకోలేదు.

సైన్యం నిజాయితీగా ఉంటుందన్న ఆశ కూడా గట్టిది కాదు. అన్ని దళాల్లోకీ నౌకాదళాన్ని ప్రజలు ఎక్కువగా నమ్మేవారు. 2025 మార్చిలో తంపీకో ఓడరేవులో పన్ను ఎగవేతకు వేరే సరుకుగా చూపిన సుమారు కోటి లీటర్ల డీజిల్‌తో ఓడ పట్టుబడింది. ఆ ఇంధన అక్రమ రవాణా కేసులో సెప్టెంబరులో ఒక వైస్ అడ్మిరల్‌ను అరెస్టు చేశారు. ఆరోపణలు ఇంకా రుజువు కావలసి ఉంది. సొంత దళంలోని ఉన్నతాధికారిపై కేసు నడపడమే మెక్సికోలో అరుదైన విషయం కాబట్టి, ఈ విచారణ చివరిదాకా సాగుతుందా అన్నది ఎంతో విలువైన పరీక్ష.

మీ రెండో ప్రశ్నకు వస్తే, మెక్సికోను మాఫియా రాజ్యం అనడాన్ని నేను అంగీకరించను. రాజ్యమంతా ముఠాలదైతే వారు మేయర్లను, పోలీసులను, విలేకరులను చంపవలసిన అవసరమే ఉండదు. గోమెజ్ త్రేహో లాంటి ప్రాసిక్యూటర్లు, కులియకాన్‌లో తన వారపత్రిక కార్యాలయానికి దగ్గరలోనే 2017 మేలో హత్యకు గురైన విలేకరి హవియెర్ వాల్దెస్ లాంటివారు ఆ సమాజం నుంచే వచ్చారు. యుకతాన్ లాంటి రాష్ట్రంలో హత్యలు చాలా తక్కువ. కొలీమా, గ్వానహ్వాతో లాంటి రాష్ట్రాల్లో అతి ఎక్కువ. దేశమంతటినీ ఒకే మాటతో ముద్ర వేస్తే, ఎక్కడ ఏ పదవిలో ఎవరు అమ్ముడుపోయారో అడగడం మానేస్తాం; దొంగ అధికారికి అంతకన్నా కావలసిందేమీ లేదు.

ఇప్పుడు వార్తలు చూసేటప్పుడు మిచోకాన్‌ను గమనించండి. అవొకాడో, నిమ్మ తోటల యజమానుల నుంచి ముఠాలు కిలోల లెక్కన మామూళ్లు వసూలు చేసే ఆ రాష్ట్రంలో, నిమ్మ రైతుల నాయకుడు బెర్నార్దో బ్రావోను 2025 అక్టోబరులో చంపారు. ముఠాలపై బహిరంగంగా మాట్లాడిన ఉరువాపాన్ మేయరు కార్లోస్ మాన్సోను నవంబరు 1న, మృతులను స్మరించే పండుగ వేడుకలో, జనం మధ్య కాల్చి చంపారు. కాల్పులు జరిపిన కుర్రవాడు అక్కడికక్కడే చనిపోయాడు. కొద్ది వారాలకు మేయరు రక్షణ కోసం నియమించిన అంగరక్షకుల్లోనే కొందరిని అరెస్టు చేశారు. ప్రభుత్వం 2006లో లాగానే వేల మంది సైనికులను పంపింది. వారు అక్కడ ఎంతమందిని పట్టుకున్నారన్న సంఖ్య మీకు తరచుగా వినిపిస్తుంది. మీరు మాత్రం ఆ హత్యకు ఆదేశం ఇచ్చింది ఎవరో, అంగరక్షకులను ఎవరు కొన్నారో, తోటల నుంచి వసూలైన సొమ్ము ఏ ఖాతాల గుండా ఏ కార్యాలయాలకు చేరిందో మిచోకాన్ న్యాయస్థానంలో సాక్ష్యంతో నిరూపించిన వార్త కోసం చూడండి.